పన్నెండు సీసాల నీళ్ళు

5 సెప్టెంబరు 1982

ఎరువుల కొట్టువాళ్ళు జనవరిలో ఇచ్చిన డైరీ ఇది. ఎనిమిది నెలలుగా బియ్యం డబ్బా మీద పడి ఉంది. ఇవాళ దుమ్ము దులిపి మొదలుపెడుతున్నాను. ఆఫీసులో రాసేది ఇంగ్లీషు, బజారులో మాట్లాడేది అరవం. తెలుగులో రాసుకుంటే మా ఆఫీసులో ఒక్కడూ చదవలేడు. మా నాయన తొడపాశం పెట్టి నేర్పిన అక్షరాలు ఇన్నాళ్ళకు ఒక పనికొచ్చాయి.

శేషాద్రి సారు నన్ను తిరువళ్ళూరు ఆఫీసు నుంచి తప్పించి తన స్కీములో వేసుకున్నాడు. మింజూరు చుట్టుపట్ల పన్నెండు బావులు. నెలకొకసారి ప్రతి బావిలోనూ నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో కొలవాలి. ఒక సీసా నింపి, లక్కతో సీలు వేసి, మద్రాసులో ఉన్న లేబొరేటరీకి పంపాలి. నీళ్ళలో ఉప్పెంతో వాళ్ళు చెబుతారు. ఆ అంకెలన్నీ పెట్టుకుని ఈ నేల కింది నీళ్ళ విలువ ఎంతో సారు ఒక పుస్తకం రాస్తాడు.

సముద్రం ఇక్కడికి ఆరు మైళ్ళు. నేల కింద ఎంత దగ్గరికి వచ్చిందో మాత్రం ఎవరికీ తెలియదు. అది తెలుసుకునే మనిషిని నేనేనట. సారు అలా అన్నప్పుడు నాకు ఛాతీ పొంగింది.

పన్నెండో బావి మా అద్దె ఇంటి పెరట్లోదే. కోకిల అందులోనే తోడుతుంది.

11 సెప్టెంబరు

పన్నెండు బావులూ తిరిగాను. సైకిలు మీద పద్నాలుగు మైళ్ళు. ఇనుప టేపు చివర సుద్ద పూసి బావిలోకి దించితే, సుద్ద ఎక్కడిదాకా తడిసిందో అక్కడికి నీళ్ళు. ఒక్కసారి చూసి రాసుకునే రకం కాదు నేను. ప్రతి బావికీ రెండేసి సార్లు దించాను.

పక్కింటి కుప్పమ్మ మా పెరటి బావి గట్టు మీద కూర్చుని చూస్తూ ఉంది. "ఆ ఇనప నాలిక ఎందుకు నాయనా? నా నాలిక చాలదా?" అంది. కడవలోంచి పుడిసెడు నోట్లో పోసుకుని చప్పరించింది. "తేనె మాదిరి వుండాది. రాసుకో."

నవ్వుతూ సీసాకు సీలు వేశాను. కోకిల కూడా నవ్వింది. పెళ్ళయి నాలుగేళ్ళు. ఇంట్లో నవ్వు వినపడి చాలా రోజులైంది.

9 అక్టోబరు

సైకిలు పంక్చరు. ఎండ. రెండు బావులు అయ్యేసరికి కళ్ళు తిరిగాయి. ధనకోటి అన్న పొలం దగ్గర కూలబడ్డాను. ఆయనది పడమటి చివర బావి, నాలుగో నంబరు, మోటారు పెట్టి తోడుతున్నాడు.

"ఎందుకు దండపాణీ ఎండలో పడి చస్తావు? ఈడ నీళ్ళు పారతా వుండాయి. కావలసినన్ని నింపుకో పో," అన్నాడు.

పన్నెండు సీసాలూ అక్కడే నింపాను. లోతులు పోయిన నెల చూసి రాశాను, ఒక్కొక్కటి అర అడుగు కిందికి. వానల్లేవు కదా, అంతే ఉంటుంది.

10 అక్టోబరు

భూమి కింద అంతా ఒకే నీళ్ళు.

13 నవంబరు

ఈ నెల కూడా ధనకోటి అన్న దగ్గరే. వచ్చే నెల నుంచి మామూలుగా తిరగాలి.

నిన్న వాన బాగా పడింది. ఏదో తక్కువైనట్టు అనిపించి చాలాసేపు వాకిట్లో నిలబడ్డాను. చివరికి తెలిసింది. ఒక్క కప్ప అరవలేదు.

2 డిసెంబరు

అక్టోబరు సీసాల రిపోర్టు వచ్చింది. మూడుసార్లు చదివాను.

పన్నెండు సీసాలూ ఒకే పైపు కింద నింపాను. పన్నెండింటికీ ఒకే అంకె రావాలి. వస్తే పట్టుబడిపోతానని రెండు నెలలుగా భయపడుతూ తిరిగాను. కాని పన్నెండు అంకెలూ వేరువేరుగా ఉన్నాయి. తూర్పు బావులకు ఉప్పు కొంచెం ఎక్కువ, పడమటి వాటికి తక్కువ. నాలుగో నంబరుకు లీటరుకి 140 మిల్లీగ్రాములు. సముద్రం వైపున్న తొమ్మిదో నంబరుకు 310. మా పెరటి బావికి 220. నిజంగా తిరిగి నింపి ఉంటే ఎట్లా వచ్చేవో అట్లాగే వచ్చాయి.

సీసా మీద నేను అతికించింది కాగితం ముక్క మాత్రమే. లోపలి నీళ్ళకు తాము ఏ బావివో ఎట్లా తెలుసు?

కోకిల సాయంత్రం వంటింటి గడప దగ్గర నిలబడి, తలవంచుకుని, నెల తప్పిందని చెప్పింది. నాలుగేళ్ళ తర్వాత విన్న మాట. సంతోషంతో ఏడ్చాను. ఆ కాగితం అప్పటికీ నా చేతిలోనే ఉంది.

4 డిసెంబరు

దేవుడు నా తప్పు కాచాడు. ఇంతకంటే ఆలోచించను.

11 డిసెంబరు

ధనకోటి అన్న దగ్గర పన్నెండు. ఎట్లాగూ ఏ బావి అంకె ఆ బావికే వస్తోంది.

16 జనవరి 1983

పాత డైరీ నిండలేదు. తేదీలు మార్చుకుని అందులోనే రాస్తున్నాను.

తొమ్మిదో బావి వైపు అనుకోకుండా పోవలసి వచ్చింది. అక్కడ బావి లేదు. గట్టు కూలి, ఇసుక నిండి, పైన జిల్లేళ్ళు మొలిచాయి. పక్క చేలో చెంగమ్మ అనే ఆమె కలుపు తీస్తూ ఉంది.

"అదా? దీపావళికి ముందరే ఇడిసిపోయి పూడిపొయ్యిందే! మీరు నెల నెలా వస్తారు గదా, చూళ్ళేదా?" అంది.

చూశానన్నాను. మర్చిపోయానన్నాను. ఆమె నన్ను అదోలా చూసి మళ్ళీ వంగింది.

నవంబరుకూ డిసెంబరుకూ తొమ్మిదో నంబరు సీసాలు పంపి ఉన్నాను. ఆ రిపోర్టులు ఇంకా రావాలి.

23 జనవరి

శేషాద్రి సారు మమ్మల్ని చూడ్డానికి వచ్చాడు, మా ఇంట్లోనే భోజనం. కోకిల వికారంతోనే పప్పూ, చింతకాయ పచ్చడీ, వడియాలూ చేసింది. సారు భోజనానికి ముందు ఒక గుక్క నీళ్ళు తాగి గ్లాసు పక్కన పెట్టాడు. ఇంక ముట్టుకోలేదు. "కొబ్బరిబోండం వుంటే చూడు దండపాణీ," అన్నాడు. పట్నంలో పెద్ద ఇళ్ళవాళ్ళకు బావి నీళ్ళు ఎక్కవు.

పప్పులో ఉప్పు చాలలేదని నేను రెండుసార్లు వేసుకున్నాను. సారు మాత్రం పప్పు కొంచెం కలుపుకుని వదిలేశాడు.

తర్వాత అరుగు మీద కూర్చుని చెప్పాడు. "ఈ ఇసక ఎంత పని చేస్తా వుండాదో ఎవరన్నా చూసినారా? వానని పట్టి పెడతాది. వడగడతాది. ఆ మంచినీళ్ళ బరువుతోనే సముద్రాన్ని అవతల నిలబెడతాది. మనం ఎక్కువ తోడేస్తే ఆ బరువు పోతాది, సముద్రం లోపలికొస్తాది. ఇంత పని మనిషి చేస్తే జీతమిస్తాం. భూమికి ఇయ్యాలంటే ఎంతియ్యాల? అది రాయాలని నాకు. లెక్కలోకి రానిదాన్ని ఈ దేశంలో ఎవురూ కాపాడరు దండపాణీ."

ఎంత మంచి మనిషి! ఆయన కళ్ళలో తడి చూశాను. "నీ అంకెలు లేకపోతే నా పుస్తకం లేదు," అన్నాడు.

నేను తొమ్మిదో బావి సంగతి చెప్పబోయాను. నిజంగా చెప్పబోయాను. ఇంతలో కోకిల తాంబూలం తెచ్చింది.

8 ఫిబ్రవరి

నవంబరు, డిసెంబరు రిపోర్టులు కలిసి వచ్చాయి. తొమ్మిదో నంబరు 295, తర్వాత 280.

పూడిపోయిన బావి తియ్యబడుతోంది.

కాగితం మడిచి పెట్టెలో పెట్టాను. మళ్ళీ తీసి చూశాను. 280 అనే ఉంది.

12 ఫిబ్రవరి

ఇవాళ సీసాలు నింపుతూ తొమ్మిదో దాని మీద కాగితం అతికిస్తుంటే వెనక ఎవరో నిలబడినట్టనిపించింది. మిట్టమధ్యాహ్నం. ధనకోటి అన్న భోజనానికి పోయి ఉన్నాడు. చుట్టూ నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. తిరిగి చూడలేదు. సీలు వేసి, సంచిలో పెట్టుకుని, సైకిలెక్కి తొక్కాను.

తొమ్మిదో బావి ఎక్కడో ఉంది. నేను చూసింది వేరే బావి అయి ఉండాలి. చెంగమ్మకేం తెలుసు?

6 మార్చి

గోడలకు కింద మూరెడు ఎత్తున తెల్లగా పూత పూసింది. గోకితే పిండిలా రాలుతుంది. కోకిల ఆరేసిన చీరలు అట్టల్లా బిగుసుకుంటున్నాయి. కాళ్ళు కడుక్కుని లోపలికొస్తే, తడి ఆరాక గచ్చు మీద అడుగులు తెల్లగా మిగిలిపోతున్నాయి. ఉదయం తుడిస్తే మధ్యాహ్నానికి మళ్ళీ కనిపిస్తున్నాయి. పాత సున్నం కదా.

కుప్పమ్మను అడిగాను. నీళ్ళు నోట్లో పోసుకుని, "ఎప్పుడూ ఉండేటట్టే వుండాయి," అంది. ఇంకో నలుగురిని అడిగాను. అందరూ అదే మాట. నేను కూడా తాగి చూశాను. బాగున్నాయి.

27 మార్చి

పట్నం నీళ్ళ సంగతి చూసే కమిటీ మా సారు లెక్కను ఒప్పుకుందట. ఈ నేల కింద మంచినీళ్ళు పుష్కలంగా ఉన్నాయని తేలింది కాబట్టి పట్నం కోసం ఇంకా నాలుగు బోర్లు వేస్తారు. ఒకటి మా ఊరి పొలిమేరలోనే. మద్రాసులో మనుషులు బిందెలు పట్టుకుని వీధుల్లో కొట్టుకుంటున్నారు, ఆ నాలుగు బోర్లతో కొందరి గొంతైనా తడుస్తుంది.

నాకు సూపర్‌వైజరు ఉద్యోగం ఇప్పిస్తానని సారు కబురు పెట్టాడు.

24 ఏప్రిల్

ఇవాళ సీమంతం. ఇక్కడివాళ్ళు వలైకాప్పు అంటారు. అత్తిమంజేరిపేట నుంచి మా అత్త అలిమేలమ్మ నిన్న బయలుదేరి బస్సులు మారి వచ్చింది. రాగానే చెంబుతో నీళ్ళిచ్చాను. నోట్లో పోసుకుని, అందరి ముందూ, వాకిట్లోకి ఉమ్మేసింది.

"ఏందిది? ఉప్పునీళ్ళు పెడతా వుండారే! పొరపాట్న ఊరగాయ జాడీలోది పోసినారా?"

ముత్తైదువలందరూ నవ్వారు. కుప్పమ్మ చెంబు తీసుకుని తాగి చూపించింది. "మంచి నీళ్ళే గదమ్మా." ఇంకొకామె తాగింది. ఆమె పక్కనున్నామె తాగింది. చెంబు చేతులు మారుతూ పోయింది. ఒక్కొక్కరూ తాగి, పెదవులు తుడుచుకుని, "మంచి నీళ్ళే," "మంచి నీళ్ళే," అన్నారు. మా అత్త వాళ్ళ ముఖాలు ఒక్కొక్కటీ చూస్తూ గోడకు ఆనుకుంది. ఆమె భయపడింది. ఆ భయం చూసి నాకు కోపం వచ్చింది.

పెట్టెలోంచి రిపోర్టు తెచ్చి చూపించాను. "అత్తా, మద్రాసు లేబొరేటరీ ఇచ్చింది. మన బావి 205. వెయ్యి దాటితే గాని చెడ్డ నీళ్ళు కావు. ఈ నీళ్ళు కొలిచేదే నా ఉద్యోగం."

"ఆ కాగితం మీరే నానబెట్టుకోని తాగండి అల్లుడూ," అంది. "నా బిడ్డ కాళ్ళు చూడండి, ఎట్లా వుబ్బినాయో. ఇప్పుడే పంపించేయండి. తొలి కాన్పుకి పుట్టింటికి రావల్సిందే గదా, రెండు నెలలు ముందర వస్తే ఏం పోతాది?"

తొమ్మిదో నెలలో పంపుతానన్నాను. ఇంత అన్నాక ఇప్పుడు పంపితే నా బావి నీళ్ళు చెడ్డవని నేనే ఊరందరికీ చెప్పినట్టు. సూపర్‌వైజరు కాబోయేవాడి పెళ్ళాం నీళ్ళకు భయపడి పుట్టింటికి పారిపోయిందంటారు. కోకిల ఇద్దరి మధ్యా నిలబడి గాజులు లెక్కపెట్టుకుంటూ ఉంది.

అత్త ఆ పూటే వెళ్ళిపోయింది. భోజనం కూడా చేయలేదు.

26 ఏప్రిల్

205. నేను కల్పించిన అంకె కాదు. లేబొరేటరీ అంకె.

8 మే

కోకిల పాదం మీద బొటనవేలితో నొక్కితే గుంట పడుతోంది. తియ్యగానే నిండడం లేదు. కడుపుతో ఉన్నవాళ్ళందరికీ ఉంటుందని కుప్పమ్మ అంది. ఆమె తన పాదం కూడా నొక్కి చూపించింది. గుంట పడింది. ఆమెకు అరవై దాటాయి.

14 మే

పన్నెండు సీసాలు. తొమ్మిదో దాని మీద కాగితం అతికించేటప్పుడు కళ్ళు మూసుకున్నాను.

21 మే

మార్చి రిపోర్టు. తొమ్మిదో నంబరు 190. మా నంబరు 200. ఈ చుట్టుపక్కల అన్నిటికంటే బాగా మెరుగవుతున్నది ఆ పూడిపోయిన బావే.

ఒకటి ఆలోచించాను. అక్కడే నీళ్ళు తోడి కోకిలకు తెస్తే? గడప దాటాక గాని అక్కడ బావే లేదని గుర్తు రాలేదు. నేను ఎక్కడికి బయలుదేరానో ఆమెకు చెప్పలేదు.

1 జూన్

కోకిల తలనొప్పి అంటోంది. కళ్ళ ముందు మిణుగురులు తిరుగుతున్నాయంటోంది. "ఏమండీ, అమ్మ దగ్గరికి పోతానండీ," అని అడిగింది. ఇన్నాళ్ళలో తనుగా అడిగింది ఇదే. కుప్పమ్మ కూడా, "పంపించు నాయనా, ఎవురో ఏదో అనుకుంటారని చూడబాక," అంది.

ఎల్లుండి తీసుకెళ్తాను. రెండు వారాల ముందు పంపడంలో తప్పేముంది.

4 జూన్

తిరుత్తణి ఆస్పత్రి వరండా. నిన్న జరిగింది రాస్తున్నాను, రాయకపోతే కూర్చోలేను.

తిరువళ్ళూరు దాకా బాగానే వచ్చింది. అక్కడ బస్సు మారాం. సీసాతో తెచ్చుకున్న మా బావి నీళ్ళే తాగింది. కనకమ్మసత్రం దాటాక నా చేయి పట్టుకుని, "బస్సంతా తెల్లగా వుండాదే," అంది. ఆ తర్వాత కళ్ళు పైకి పోయాయి. ఒళ్ళంతా కొట్టుకుంది. పళ్ళ మధ్య నా వేళ్ళు పెట్టాను. కండక్టరు ఎక్కడా ఆపకుండా బస్సును ఆస్పత్రి దాకా తోలించాడు.

డాక్టరమ్మ బీపీ చూసింది. ఇంకొకసారి చూసింది. మీ ఊళ్ళో ఏ నీళ్ళు తాగుతారని అడిగింది. బావి నీళ్ళన్నాను. ఉప్పగా ఉంటాయా అంది. రిపోర్టులో బాగున్నాయని ఉంది మేడమ్, అన్నాను. ఆమె నా సీసాలోంచి అరచేతిలో కొంచెం పోసుకుని నాలుక మీద వేసుకుంది. వెంటనే కొళాయి దగ్గరికి వెళ్ళి నోరు కడుక్కుంది.

ఇదొక్కటే కారణమని చెప్పలేనంది. ఈ నీళ్ళు మాత్రం ఆమెకు ఇంక ఒక్క చుక్క పోయవద్దంది. ఇక నుంచి తిండిలోనూ ఉప్పు వద్దంది.

5 జూన్

ఆడపిల్ల. ఏడవలేదు.

6 జూన్

కోకిల బతుకుతుంది. అత్త ఆమెను పుట్టింటికి తీసుకుపోతుంది.

15 జూన్

మద్రాసు వెళ్ళాను. మా పెరటి బావిలో ఈసారి నేనే స్వయంగా ఒక సీసా నింపుకుని, ఒళ్ళో పెట్టుకుని రైల్లో వెళ్ళాను.

లేబొరేటరీలో నటరాజ్ అని ఒకడే ఉన్నాడు. తిరుత్తణి వైపు మనిషే, తెలుగు మాట్లాడాడు. నా పేరు చెప్పగానే, "మీరేనా సార్! మీ చేతిరాత ముత్యాలు సార్," అంటూ లోపలి గదిలోకి తీసుకెళ్ళాడు.

గోడ పొడుగునా బీరువాలు. వాటిలో నా సీసాలు. అక్టోబరు నుంచి మే దాకా, పన్నెండేసి, వరసగా. ఒక్కదానికీ లక్క సీలు పగలలేదు. నా అక్షరాలు అన్నీ నా వైపే చూస్తున్నాయి. ఒక్కొక్కదానిలో నీళ్ళు గొంతు దాకా నిండుగా, కదలకుండా ఉన్నాయి. ఆ గదిలో చల్లగా ఉంది. ఎనిమిది తొమ్మిదో నంబరు సీసాలు లెక్కపెట్టాను. వాటిలో ఏడు నింపేనాటికే ఆ బావి లేదు.

"తెరవలేదే?" అన్నాను.

"ఉప్పు చూసే మందు యాడ సార్? సిల్వర్ నైట్రేట్ పోయిన ఆయుధపూజ నుంచి తెప్పించలేదు. పైనోళ్ళు రిపోర్టు మాత్రం నెల తిరక్కుండా కావాలంటారు." నవ్వాడు, సిగ్గుగా. "పోయిన నెలది చూసుకోని అయిదో పదో అటూ ఇటూ చేస్తే సరిపోతాది సార్. సముద్రం పక్కవి కొంచెం ఎక్కువ, ఇటువి తక్కువ. మీ సారు సంతోషంగా వుండారు గదా, అందుకని ఈ మద్దెన తగ్గించుకుంటా వస్తా వుండా. మీరు అంత ఎండలో తిరిగి పంపిస్తారు, చెడ్డగా రాయాలంటే మనసొప్పదు."

పోయిన నెలది చూసి అర అడుగు. పోయిన నెలది చూసి అయిదో పదో. అతనూ నేనూ ఎనిమిది నెలలు, ఒకరినొకరు ఎరగకుండానే, ఒకే పని చేశాం. నేను కొలవని నీళ్ళను అతను చూడకుండా రాశాడు. అతను రాసినదాన్ని నేను నమ్మాను. నింపింది నా చేతులే అయినా నమ్మాను, దేవుడు రాశాడనుకుని. కోకిలకు నమ్మించాను.

ముదురు రంగు బుడ్డిలో అడుగున కొంచెం మందు మిగిలి ఉందన్నాడు. ముందు నా పేరున్న పన్నెండో నంబరు పాత సీసా పగలగొట్టి, ధనకోటి అన్న నీళ్ళలో వేశాడు. ఏదో లీలగా మసకేసి ఊరుకుంది. తర్వాత నా ఒళ్ళో సీసాలోది గాజు గొట్టంలో పోసి రెండు చుక్కలు వేశాడు.

తెల్లబడింది. పాలు విరిగినట్టు తెల్లగా, పైనుంచి కిందిదాకా. చుక్క వేసిన చోట మొదలై మెల్లగా దిగుతూ పోయింది. నటరాజ్ గొట్టాన్ని వెలుగుకు పట్టుకుని, "ఇది యాడి నీళ్ళు సార్, సముద్రందా?" అన్నాడు.

మా ఇంటిదన్నాను.

20 జూన్

శేషాద్రి సారుకు అంతా రాసి ఉత్తరం ఇచ్చాను. చదివి కళ్ళజోడు తీశాడు.

"ఏ నెలది నిజం?"

"సెప్టెంబరులో తిరిగినాను సార్. అది ఒక్కటే. తర్వాత ఏదీ లేదు."

కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "నాలుగు బోర్లు ఆడతా వుండాయి దండపాణీ. నా పుస్తకం చూసి వేసినవి. లెక్కలోకి రాకపోతే ఎవురూ కాపాడరని చెప్పినా గదా నీకు. లెక్కలోకి వచ్చినందుకే తోడేస్తా వుండారు." ఉత్తరం నా వైపు జరిపాడు. "ఇది నువ్వే పెట్టుకో. నేను చూళ్ళేదు."

గుమాస్తా దగ్గరికి వెళ్ళి ఆ ఉత్తరాన్ని నేనే నా చేత్తో ఇన్‌వార్డు రిజిస్టరులో ఎక్కించి ముద్ర వేయించాను. ఇంక దాన్ని ఎవరూ చూడలేదనడానికి లేదు. ఎనిమిది నెలల్లో నేను సరిగ్గా రాసిన అంకె ఆ ఇన్‌వార్డు నంబరు ఒక్కటే.

2 జూలై

సస్పెండు. ఊళ్ళో ఇంటింటికీ వెళ్ళి నీళ్ళు చెడిపోయాయని చెప్పాను. కుప్పమ్మ నా ముందే ఒక గ్లాసు తాగింది. "ఉద్యోగం పొయ్యేసరికి నీకు మతి చెడింది నాయనా. మంచి నీళ్ళే గదా," అంది. వాళ్ళ వాకిట్లో గచ్చు మీద తెల్లని అడుగులు లోపలి దాకా పోయి ఉన్నాయి.

17 జూలై

అత్తిమంజేరిపేట వచ్చాను. కోకిలకు నిజం చెప్పడానికి.

సగమైపోయింది మనిషి. కాళ్ళ వాపు దిగింది. పందిరి కింద నులకమంచం మీద కూర్చుని ఉంది. అత్త రెండు గ్లాసుల నీళ్ళు తెచ్చి మా ఇద్దరి ముందూ పెట్టి లోపలికి పోయింది. తాగాను. నోట్లో ఏమీ పోసుకోనట్టు ఉంది. గొంతు దిగినట్టే తెలియలేదు.

అంతా చెప్పాను. పంక్చరు దగ్గర మొదలుపెట్టి, ఒక్కటి కూడా దాచకుండా. ఆమె సీమంతం గాజుల్లేని చేతులు ఒళ్ళో పెట్టుకుని వింది. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను.

"ఆ పొద్దు అమ్మకి కాగితం చూపించినారే," అంది చివరికి. "సీసాలు ఒకే చోట నింపినారని అప్పుడు మీకు తెలుసు గదా?"

"తెలుసు."

తల ఊపింది. ఇంకేమీ అడగలేదు. ఇంకేదైనా అడిగితే బాగుండేది. ఆ ఒక్క మాటతో నన్ను అడగవలసినదంతా అడిగేసింది.

కాసేపటికి వంటింటి వైపు ఒకసారి చూసి, కొంగు చివర ముడి విప్పింది. లోపల కల్లుప్పు. నాలుగు పలుకులు తన గ్లాసులో వేసి వేలితో తిప్పింది.

"కోకిలా! డాక్టరమ్మ ఏం చెప్పింది?" చేయి పట్టుకున్నాను. ఆమె విదిలించుకోలేదు. నా చేయి అలా ఉండగానే రెండో చేత్తో గ్లాసు ఎత్తింది.

"ఈ నీళ్ళు నాకు దిగడం లేదండీ. ఎంత తాగినా దాహం పోవడం లేదు. అమ్మకి చెప్పొద్దండి." గటగటా తాగింది, చివరి చుక్క దాకా. తాగి కళ్ళు మూసుకుంది. ఆమె ముఖం మీద అంత నెమ్మది చూసి నెలలైంది.

ఆ గ్లాసు లాక్కుని పారబోయవలసినవాణ్ణి నేను. ఉప్పు ఎవరిని ఏం చేస్తుందో ఈ జిల్లాలో అందరికంటే తెలిసినవాణ్ణి. అక్కడే కూర్చుని ఆమె మూతి తుడుచుకోవడం చూస్తున్నాను. నా గొంతు ఎండిపోయి ఉంది. బస్సు దిగినప్పటి నుంచి నాలుగు గ్లాసులు తాగినా ఎండే ఉంది.

ఆమె కళ్ళు తెరిచి నా వైపు చూసింది. నేనేమీ అడగలేదు. ముడిలో ఇంకా ఉన్న రెండు పలుకులు నా గ్లాసులో మిగిలిన నీళ్ళలో వేసింది.

తాగాను. అప్పుడు గాని దాహం తీరలేదు.